చేతులు మారిన రేకీ

జనగామ జిల్లా పాలకుర్తి అంటే బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి ఊరు. ఆయన నమ్మిన వీరశైవంలో దీక్ష ఇచ్చేటప్పుడు గురువు శిష్యుడి నెత్తిన చేయి పెడతాడు. దాన్ని హస్తమస్తక సంయోగం అంటారు. చెవిలో పంచాక్షరి చెబుతాడు, అరచేతిలో ఇష్టలింగం ఉంచుతాడు. గురువు చేతి నుంచే విద్య దిగుతుందన్న ఈ నమ్మకం ఎరిగినవాళ్లకు చేతి స్పర్శతో రోగం నయం చేస్తామనే జపాన్ విద్య రేకీ మరీ పరాయిగా తోచదు. అక్కడా గురువు శిష్యుడి తల దగ్గర చేతులుంచి ‘రేజు’ ఇస్తాడు.

అయితే మన పట్నాల్లో శని, ఆదివారాల క్లాసుల్లో ఫస్ట్ డిగ్రీ, సెకండ్ డిగ్రీ, మాస్టర్ అంటూ నేర్పే రేకీ జపాన్ నుంచి నేరుగా వచ్చింది కాదు. అమెరికా అంతా చుట్టి మన దేశం చేరింది.

రేకీకి ఆద్యుడు మికావో ఉసుయి 1865లో గిఫు ప్రాంతంలో పుట్టాడు. క్యోటో దగ్గరి కురామా కొండ మీద 21 రోజులు ఉపవాసం చేశాక ఈ విద్య అబ్బిందని ఆయన జ్ఞాపకార్థం నిలిపిన శిలాఫలకం చెబుతుంది. 1922లో టోక్యోలో సంఘం పెట్టి, 1926లో కన్నుమూశాడు.

ఆ సంఘంలో చదువు భజన మండలిలా సాగేది. ఊరి వాళ్లు కూడినట్టే శిష్యులు మళ్లీ మళ్లీ కూడేవాళ్లు. చాప మీద మోకాళ్లు మడిచి కూర్చుని మెయ్‌జీ చక్రవర్తి పద్యాలు చదివేవాళ్లు. ఈ ఒక్కరోజు కోపం, దిగులు లేకుండా, కృతజ్ఞతతో, పని మీద శ్రద్ధతో, దయతో ఉండాలన్న ఐదు నియమాలను చేతులు జోడించి పలికేవాళ్లు. రేజు ఒకసారి తీసుకుంటే అయిపోయేది కాదు, కూడిన ప్రతిసారీ తీసుకోవాల్సిందే. అసలు కష్టమైన పాఠం ‘బ్యోసెన్’. రోగి ఒంటి మీద చేయి మెల్లగా జరుపుతూ ఎక్కడ వెచ్చగా ఉంది, ఎక్కడ జివ్వుమంటోంది, ఎక్కడ అరచేతికి పోటు తగులుతోంది అన్నది పట్టుకోవాలి. తెలిసేదాకా అక్కడే ఆగాలి. ఒగ్గు కథకుడి వెనుక నిలబడి ఏళ్ల తరబడి వంత పాడుతూ కథ పట్టుకునే కుర్రాడి చదువు లాంటిదే ఇది.

ఈ విద్యను సముద్రం దాటించిన మనిషి హవాయో టకాటా. జపాన్ నుంచి హవాయికి వలసపోయిన చెరకు కూలీల ఇంట 1900లో పుట్టింది. భర్త పోయాడు, ఒళ్లు చెడింది. 1935లో టోక్యో వెళ్లి, ఉసుయి శిష్యుడూ మాజీ నౌకాదళ అధికారీ అయిన చుజిరో హయాషి వైద్యశాలలో చేరింది. కోలుకున్నాక అక్కడే ఉండి నేర్చుకుంది. హవాయిలో సొంతంగా నేర్పడం మొదలుపెట్టిన కొన్నేళ్లకే, 1941లో, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగింది. జపాన్ పేరెత్తితేనే అమెరికన్లు అనుమానంగా చూసే రోజులవి. ఉసుయి క్రైస్తవ బోధకుడని, షికాగోలో చదివాడని ఆమె చెప్పిన కథకు తర్వాత వెతికినవాళ్లకు ఆధారం దొరకలేదు. ఆ రోజుల్లో ఆమె ఇబ్బంది తలచుకుంటే తప్పుపట్టడానికి మనసు రాదు.

నేర్పే తీరు మాత్రం ఆమె చేతిలో బాగా మారింది. ఏళ్లపాటు సాగే కూడికలు నాలుగు రోజుల క్లాసుగా కుదించుకుపోయాయి. చేయి ఎక్కడ పెట్టాలో ఒక వరుస ఏర్పడింది. దీక్ష జీవితాంతం చాలుతుందన్నారు. మాస్టర్ కావడానికి 10,000 డాలర్లు కట్టాల్సి వచ్చేది. నోట్సు రాసుకోనిచ్చేది కాదు, రేకీలో వాడే గుర్తులన్నీ మనసులో పెట్టుకోవాల్సిందే. 1980లో ఆమె పోయేనాటికి 22 మంది మాస్టర్లు తయారయ్యారు. తర్వాత వాళ్లు తమ గుర్తులను పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఒకరివి ఒకరికి కలవలేదు! ఆపై వచ్చినవాళ్లు రెండు రోజుల్లో ముగించారు, చక్రాలు కలిపారు. మన యోగంలోని చక్రాలు అలా అమెరికా మీదుగా మన ఇంటికే తిరిగొచ్చాయి.

రేకీ చెప్పే శక్తి ఉందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. డాక్టరు రాసిన మందులు మాని దీన్ని నమ్ముకోవడం ప్రమాదం. అయినా చేత్తో ఒంటిని ఓపికగా చదవడం నేర్పిన పాత పద్ధతి పల్చబడటం నిజంగా నష్టమే.

జపాన్‌లో ఉసుయి సంఘం బయటివాళ్లకు తేలిగ్గా తలుపు తీయలేదు. దాంతో 1980ల్లో న్యూయార్క్‌లో ఉంటున్న జపనీస్ జర్నలిస్టు మియెకో మిత్సుయి వచ్చి నేర్పితే, టోక్యో వాళ్లు తమ దేశంలో పుట్టిన విద్యను అమెరికా పద్ధతిలో నేర్చుకున్నారు. అలా మొదలుపెట్టిన హిరోషి దోయి తర్వాత ఉసుయి సంఘంలోనూ సభ్యుడయ్యాడు. ఆయన రూపొందించిన ‘గెండాయ్ రేకీ’లో పాశ్చాత్యుల మెట్లూ ఉన్నాయి, చాప మీద కూర్చుని పలికే ఐదు నియమాలూ ఉన్నాయి.