అన్నదాత డొక్కా సీతమ్మ గారు

భావనపాడు తీరాన జరుగుతున్న ఈ ప్రతిష్ఠా మహోత్సవంలో అన్నప్రసాదం స్వీకరించే వేళ ఒక మాతృమూర్తిని స్మరించుకుందాం.

డొక్కా సీతమ్మ గారు 1841లో మండపేటలో జన్మించారు. లంకల గన్నవరం వాస్తవ్యులైన జోగన్న గారి ధర్మపత్నిగా, తమ గృహాన్నే అన్నసత్రంగా మలచారు. గోదావరి పాయలు దాటి అలసి వచ్చిన బాటసారులకు వేళ చూడక, కులం అడగక, స్వహస్తాలతో వండి వడ్డించారు. ఆంగ్లప్రభుత్వం సైతం ఆమె సేవను గౌరవించింది. 1909లో ఆ తల్లి పరమపదించినా, 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టింది.

దాతలారా! మీ పేర్లు శిలాఫలకంపై నిలుస్తాయి. ఏ ఫలకంపైనా పేరు లేకుండా పొయ్యి ముందు నిలిచిన మన ఊరి పెద్దమ్మలకు కూడా నేడు నమస్కరించండి.