విశాఖతీరమున నొక సంవత్సరవిరహము

నాటకమునకు మన పెద్దలు దృశ్యకావ్యమని పేరిడిరి. చలనచిత్రమును ఆ తెగలోని దేయని యంగీకరించినచో, 1978వ సంవత్సరమున వెలువడిన ‘మరోచరిత్ర’ సాహిత్యపరులు విచారింపదగిన కృతి. దీనికి దర్శకుడు కె. బాలచందరు. నాయికానాయకులు సరిత, కమలహాసనులు. గీతకర్త ఆత్రేయ.

కథాస్థలము విశాఖపట్టణము. కథ కీ స్థలము మిక్కిలి తగినది. 1933లో నౌకాశ్రయము తెరువబడుటయు, 1941లో నౌకానిర్మాణశాలకును, 1971లో ఉక్కు కర్మాగారమునకును శంకుస్థాపనలు జరుగుటయు నానాభాషలవారిని ఈ తీరమునకు రప్పించినవి. ఇట్టి పట్టణమున తమిళకుటుంబమును తెలుగుకుటుంబమును ఇరుగుపొరుగున నుండుట సహజమే.

బాలు తమిళుడు, స్వప్న తెలుగుకన్య. వారి పరిణయమునకు పెద్దలు సమ్మతింపక, తుదకొక నియమము విధించిరి. ఏడాదికాలము చూపులును జాబులును లేక గడపినచో పెండ్లి చేయుదు మనిరి.

ఏడాది విరహ మనగానే కాళిదాసుని మేఘసందేశము స్మరణకు వచ్చును. యక్షుని శాపమును సంవత్సరకాలమే. అయినను యక్షునకు సందేశము పంప మేఘమైనను దొరకెను; వీరికి సందేశమే నిషిద్ధము. కథ కంతకును కీలకము ఇచ్చటనే యున్నదని నా యభిప్రాయము. నిజమైన వార్త వచ్చు దారి మూయబడగా, కల్ల ప్రవేశించినది. స్వప్న తన్ను పెండ్లాడ నొప్పుకొన్నదని పైడితల్లి యనువాడు బొంకగా, బాలు నమ్మి, సంధ్య యను వితంతువును వివాహమాడ నిశ్చయించెను. స్వప్న వ్రాసిన జాబొక్కటి చేతనున్నచో ఆ బొంకు నిలిచెడిది కాదు. సంధ్య నిజ మెరిగి అతనిని మరలించినను, ప్రేమికులు దుర్మార్గుల పాలబడి, తుదకు సముద్రమునకు బలియైరి. అచ్చట పునస్సమాగమమున ముగియవలసిన విప్రలంభము ఇచ్చట కరుణముగా పరిణమించెను.

ఈ యనర్థమునకు భాషాభేదమే కారణమని కొందరందురు. భాష తెలియకయే వారు ప్రేమించిరి గదా! ఈ చిత్రమును తమిళమునకు మార్పకయే ప్రదర్శింపగా, మద్రాసు సఫైరు ప్రదర్శనశాలలో 596 దినములు నడచెను. 1981లో హిందీరూపమును పొందెను. ప్రేక్షకుల కడ్డురాని భాష ప్రేమికుల కడ్డు వచ్చినదనుట యెట్లు?

కావున, ఈ కృతి దూషించునది భాషను గాదు. పరీక్షయను పేర పలుకును నిషేధించిన పెద్దల నియమమును. వియోగమును ప్రేమ సహింపగలదు. మౌనము నడుమ బొంకు చొచ్చినచో సహింపజాలదు. ‘మరోచరిత్ర’ మనకు విడిచిన నీతి యిదియే.