మీటరు కలిసింది, మరి కబురు చేరిందా?

ఖరగ్‌పూర్ ట్రాఫిక్‌లో మా వీధి మిత్రుడొకరికి హామ్ రేడియో పిచ్చి. రెండు మీటర్ల వి.హెచ్.ఎఫ్. బ్యాండుకు చేసిన అర మీటరు విప్ యాంటెన్నాను హెచ్.ఎఫ్. సెట్టుకు తగిలించారు. మధ్యలో ట్యూనర్. "ఎస్.డబ్ల్యు.ఆర్. ఒకటికి ఒకటి వచ్చింది, విశాఖ వాళ్ళు వినిపిస్తున్నారు. తుఫానొస్తే ఇది చాలు అన్నగారూ" అన్నారు.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో రిటైరైనవాణ్ణి. ట్రయల్ బ్యాలెన్స్ కలిసినంత మాత్రాన లెక్కలు ఒప్పు కావని బి.కాం.లోనే చెప్తారు. ఇదీ అంతే. సెట్టు పంపిన శక్తి వెనక్కి రాలేదని మాత్రమే ఆ మీటరు చెప్తుంది. గాలిలోకి వెళ్ళిందో, ట్యూనర్ కాయిల్‌ని వేడెక్కించిందో చెప్పదు. డమ్మీ లోడ్ తగిలించినా ఒకటికి ఒకటే చూపిస్తుంది!

7 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 42 మీటర్లు. అందులో అర మీటరు విప్ రేడియేషన్ రెసిస్టెన్స్ ఓమ్‌లో ఇరవయ్యో వంతు. కాయిల్, ఎర్త్ నష్టాలు 20 ఓమ్‌లనుకుంటే 100 వాట్లలో బయటపడేది పావు వాట్. మరి విశాఖ ఎలా వినిపించింది? హెచ్.ఎఫ్.లో వాతావరణ రొద ఎక్కువ. చిన్న యాంటెన్నా మాటనీ రొదనీ కలిపే తగ్గిస్తుంది, అందుకని వినడానికి సరిపోతుంది. మనం వినబడటం వేరే సంగతి.

చెవిని నమ్మిన పెద్దలూ ఉన్నారు. 1901 డిసెంబర్ 12న మార్కోనీ న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటంతో సుమారు 150 మీటర్ల తీగ ఎత్తి, ఇంగ్లండ్ నుంచి 'ఎస్' అక్షరం విన్నానన్నాడు. విన్నది ఆయనా, సహాయకుడు కెంప్. కాగితం మీద ఏమీ లేదు. పట్టపగలు ఆ తరంగాలు అంతదూరం రావడం అనుమానమేనని ఇప్పటికీ వాదించేవారున్నారు. సందేహాలు రాగానే మార్కోనీ 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఓడెక్కాడు. ఈసారి టేపు మీద గుర్తులు పడ్డాయి, కెప్టెన్ సంతకం పెట్టాడు. రాత్రి 2,099 మైళ్ళు. పగలు 700 మైళ్ళే! వోచర్ అంటే అదీ.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చేసరికి హైదరాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం, భారతీ ప్రసాద్‌తో సహా, పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు మూగబోతే, ప్రపంచంతో మాట్లాడటానికి వాళ్ళు కట్టుకున్న హెచ్.ఎఫ్. స్టేషనే వెయ్యి కిలోమీటర్లకు పైబడ్డ సముద్రం దాటి క్షేమసమాచారాలు చేర్చింది. అక్కడ పావు వాట్ యాంటెన్నా ఉండి ఉంటే?

మిత్రుడికి ఒక పరీక్ష చెప్పాను. ఇరవై మీటర్ల డైపోల్ కట్టి, స్విచ్‌తో రెండూ మార్చి మార్చి, ఏది ఏదో చెప్పకుండా విశాఖ వాళ్ళనే రిపోర్టు అడగమన్నాను. కాస్త గొణిగి, తీగ కోసం గోల్‌బజార్ వెళ్ళారు.