రాని ప్రయాణికుడి సొమ్ము

టికెట్టు కొని, సీటో బెర్తో గదో తన పేరున ఖాయమయ్యాక ప్రయాణికుడు బయలుదేరే వేళకు రాకపోతే, రవాణా సంస్థ తిరిగివ్వకుండా ఉంచుకునే డబ్బును నో-షో ఛార్జీ అంటారు. ముందుగా చెప్పి మానుకున్నవారి దగ్గర తీసుకునేది రద్దు ఛార్జీ. చెప్పకుండా మానినవారి దగ్గర, లేదా చెప్పే గడువు దాటిపోయినవారి దగ్గర తీసుకునేది నో-షో ఛార్జీ. విహార నౌకల కంపెనీలు ఈ పద్ధతిని చాలా కఠినంగా పాటిస్తాయి. సముద్రం లేని శ్రీ సత్యసాయి జిల్లాలో మాత్రం ఇది జనానికి ఎదురయ్యేది రైల్వే స్టేషన్లో.

గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలు మార్గం మీద ఈ జిల్లాలోని ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. ధర్మవరం జంక్షన్ గుంతకల్లు డివిజన్‌ది. అక్కడి నుంచి కదిరి మీదుగా పాకాలకు ఒక శాఖ చీలుతుంది. పెనుకొండ, హిందూపురం నైరుతి రైల్వేలోని బెంగళూరు డివిజన్ కిందికి వస్తాయి. పెనుకొండ, ధర్మవరాల మధ్య పుట్టపర్తి భక్తుల కోసం కట్టిన శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్ ఉంది. కర్ణాటక ఎక్స్‌ప్రెస్, ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ లాంటి దూరప్రయాణపు బళ్లు ఈ దారినే పోతాయి. వాటిలో ఎక్కువ భాగం ఎక్కడో ఢిల్లీలోనో ముంబయిలోనో భువనేశ్వర్‌లోనో బయలుదేరి వచ్చేవి. డబ్బు వాపసు విషయంలో ఈ ఊళ్లవాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

భారతీయ రైల్వేలో టికెట్టు రద్దుకూ వాపసుకూ ఆధారం 2015 నవంబర్ 12న అమల్లోకి వచ్చిన నియమాలు. అప్పటిదాకా ఉన్న రద్దు ఛార్జీలను అవి దాదాపు రెట్టింపు చేశాయి. ఖాయమైన టికెట్టును 48 గంటలకన్నా ముందే రద్దు చేసుకుంటే మనిషికింత అని స్థిరమైన మొత్తం కోత పడుతుందని ఆ నియమాలు చెప్పాయి: సెకండ్ క్లాసుకు 60 రూపాయలు, స్లీపర్‌కు 120, థర్డ్ ఏసీకి 180, సెకండ్ ఏసీకి 200, ఫస్ట్ ఏసీకి 240. 48 నుంచి 12 గంటల మధ్య అయితే ఛార్జీలో 25 శాతం, 12 నుంచి 4 గంటల మధ్య అయితే సగం పోతుందని అవే చెప్పాయి. ఆ తర్వాత ఏమీ రాదన్నాయి. ఖాయమైన తత్కాల్ టికెట్టుకు ఎంత ముందు చెప్పినా మామూలుగా వాపసు లేదు. ఈ గంటల లెక్కను రైల్వే సవరిస్తూ ఉంటుంది కాబట్టి టికెట్టు తీసుకునే రోజున ఏది అమల్లో ఉందో చూసుకోవడం అవసరం. లెక్క వెనుక ఉన్న ఆలోచన మాత్రం మారలేదు. బండి కదిలే గడియ దగ్గరపడే కొద్దీ ఆ బెర్తును మరొకరికి ఇచ్చే అవకాశం తగ్గుతుంది, కోత పెరుగుతుంది.

ఏసీ తరగతుల్లో రద్దు ఛార్జీ మీద జీఎస్టీ కూడా పడుతుంది. ప్రయాణమే చేయనప్పుడు పన్నెందుకన్న ప్రశ్నకు కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన సర్క్యులర్‌లో జవాబు ఉంది. రద్దు ఛార్జీని ఆ ప్రయాణ సేవకే చెందిన సొమ్ముగా చూడాలని, అసలు టికెట్టుకు ఏ రేటైతే దీనికీ అదే రేటని అది చెప్పింది. అందుకే పన్ను లేని స్లీపర్ టికెట్టు రద్దు మీద పన్ను పడదు.

ఖాయమైన టికెట్టు ఉన్న మనిషి బండి ఎక్కకపోతే పెట్టెలో జరిగేది ఇది. టికెట్టు తనిఖీ అధికారి, జనం మాటలో టీసీ, తన చార్టులో ఆ పేరు దగ్గర రాలేదని గుర్తు పెడతాడు. ఖాళీ అయిన బెర్తు ఆర్‌ఏసీలో సగం సీటు మీద కూర్చున్నవారికి, ఆ తర్వాత వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి వెళ్తుంది. ఇప్పుడు చాలా బళ్లలో టీసీ చేతిలో చిన్న యంత్రం ఉంటోంది. అందులో నొక్కిన మరుక్షణం బెర్తు చేతులు మారుతుంది. రెండు స్టేషన్ల దాకా బెర్తు మనదేనన్న ధీమాతో తర్వాత వచ్చే ఊళ్లో ఎక్కేవారికి దీనివల్లే ఇబ్బంది వస్తుంది.

హిందూపురం వాళ్లకు ఈ సంగతి ముఖ్యం. దూరప్రయాణపు బళ్లలో చిన్న స్టేషన్లకు కేటాయించే బెర్తులు తక్కువ. బండి బయలుదేరే చోటి నుంచి తీసుకుంటే టికెట్టు ఖాయమయ్యే అవకాశం ఎక్కువని, బెంగళూరు నుంచి టికెట్టు తీసుకుని హిందూపురంలో ఎక్కేవాళ్లున్నారు. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, అదనపు ఛార్జీ బెంగళూరు, హిందూపురాల మధ్య దూరానికే. అయితే ఎక్కే స్టేషన్‌ను ముందుగా మార్పించుకోవాలి. మార్పించుకోకపోతే బెంగళూరులోనే ఆ పేరు మీద రాలేదన్న గుర్తు పడుతుంది. పూర్తి ఛార్జీ కట్టినవాడు హిందూపురంలో ఎక్కేసరికి తన బెర్తు మీద ఇంకొకరు పడుకుని ఉంటారు. మార్పుకు రుసుము లేదు. మార్చుకున్నాక పాత స్టేషన్లో ఎక్కే హక్కు మాత్రం పోతుంది.

చార్టు తయారయ్యే వేళ మరో చిక్కు. చాలా ఏళ్లు బండి బయలుదేరడానికి 4 గంటల ముందు మొదటి చార్టు వచ్చేది. 2025లో దాన్ని ఇంకా చాలా ముందుకు జరిపారు. వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి తమ సంగతి త్వరగా తెలియడానికి ఇది మంచి మార్పు. ఈ-టికెట్టును మామూలు పద్ధతిలో రద్దు చేసుకునే వీలు మాత్రం చార్టుతోనే ముగుస్తుంది. ఢిల్లీలో బయలుదేరిన కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ధర్మవరం చేరేసరికి సుమారు ఒకటిన్నర రోజు పడుతుంది. దారిలో కోటా ఉన్న కొన్ని పెద్ద స్టేషన్లకు విడిగా చార్టు తీస్తారు గానీ, అలాంటి ఏర్పాటు లేని చోట ఎక్కేవాడికి బండి ఇంకా వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే తలుపు మూసుకుపోతుంది. అతని బెర్తును ఇంకొకరికి అమ్ముకునే సమయం రైల్వేకు చాలినంత ఉన్నా, అతని డబ్బు మాత్రం నో-షో లెక్కలోకే పోతుంది. ఛార్జీ నష్టానికి తగ్గట్టు ఉండాలన్న సూత్రం ఇక్కడ పట్టు తప్పుతోంది.

చార్టు తర్వాత మిగిలేది టీడీఆర్ ఒక్కటే. ప్రయాణం ఎందుకు చేయలేదో కారణం చూపి వాపసు కోరే అర్జీ అది. దానికి బలమైన కారణం బండి ఆలస్యం. ఎక్కే స్టేషన్‌కు బండి 3 గంటలకు మించి ఆలస్యంగా వస్తూ, ప్రయాణికుడు ఎక్కకుండా మానుకుంటే పూర్తి డబ్బు ఇవ్వాలి. షరతు ఒకటుంది: బండి ఆ స్టేషన్ వదలక ముందే అర్జీ పెట్టాలి. ఇంటికి వెళ్లి తీరిగ్గా పెడితే చెల్లదు. ఈ ఒక్క సంగతి తెలియక, పూర్తిగా తమకు రావలసిన డబ్బును పోగొట్టుకునేవారు ఎందరో.

జంక్షన్ కాబట్టి ధర్మవరానికి అచ్చంగా అక్కరకొచ్చే నియమం ఇంకొకటుంది. హిందూపురం నుంచి ధర్మవరం వచ్చి, అక్కడ బండి మారి కదిరి మీదుగా పాకాల వైపు వెళ్లేవాళ్లు రెండు టికెట్లు తీసుకోవాల్సి వస్తుంది. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకప్పుడు రెండో టికెట్టు డబ్బు నో-షో కింద పోయేది. 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు పీఎన్ఆర్‌లను జతచేసే వీలు వచ్చింది. పేర్లూ వివరాలూ రెంటిలోనూ ఒకేలా ఉండి, మొదటి బండి దిగే చోటే రెండోది ఎక్కేదైతే, తప్పిపోయిన ప్రయాణపు డబ్బును కోత లేకుండా తిరిగిస్తారు. మొదటి బండి వచ్చిన 3 గంటల లోపు అడగాలి. తప్పు ప్రయాణికుడిది కానప్పుడు అతన్ని రానివాడిగా లెక్కించకూడదన్న న్యాయం ఇందులో ఉంది.

రాలేని మనిషికి బదులు మరొకర్ని పంపే దారీ ఉంది. ఖాయమైన టికెట్టును తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, భార్యాభర్తల్లో ఒకరి పేరుకు మార్పించుకోవచ్చు. బయలుదేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి, మార్పు ఒక్కసారే. పెళ్లి బృందమైతే 48 గంటల ముందు బృందానికి పెద్ద అయినవారు అడగాలి, మొత్తం మందిలో పదో వంతు దాకా పేర్లు మార్చుకోవచ్చు. పట్టుచీరల బేరాలకు ధర్మవరం వచ్చిపోయే పెళ్లివారికీ, ముహూర్తాల నెలల్లో గుంపులుగా కదిలే కుటుంబాలకూ ఇది ఎంతో పనికొచ్చే వెసులుబాటు. స్టేషన్లలో దీన్ని ఇంకా పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

కౌంటర్లో తీసుకున్న వెయిటింగ్ లిస్టు టికెట్టుది వేరే కథ. ఆన్‌లైన్లో కొన్న టికెట్టు చివరిదాకా వెయిటింగ్‌లోనే ఉంటే డబ్బు దానంతటదే ఖాతాలో పడుతుంది. కౌంటర్ కాగితం అలా కాదు. బండికి అరగంట ముందులోగా రద్దు చేయించుకోకపోతే, సీటే దొరకని మనిషి కూడా మొత్తం ఛార్జీ పోగొట్టుకుంటాడు. 2017 జనవరి నుంచి 2020 జనవరి దాకా మూడేళ్లలో ఇలా రద్దు చేసుకోని వెయిటింగ్ టికెట్ల మీద రైల్వేకు 4 వేల కోట్ల రూపాయలకు పైగా మిగిలినట్టు సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబులో వెల్లడైంది. స్మార్ట్‌ఫోన్ వాడకం అలవాటు లేనివారు, ఊరి నుంచి పెనుకొండ స్టేషన్‌కు మళ్లీ ఆటో ఛార్జీ పెట్టుకుని రాలేనివారు పోగొట్టుకున్న డబ్బు కూడా అందులో ఉంది. సేవ ఇవ్వకుండానే సొమ్ము ఉంచుకోవడాన్ని ఏ లెక్కన చూసినా సమర్థించడం కష్టం. టికెట్టు తీసుకున్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీతో కౌంటర్ టికెట్టును కూడా ఇంటి నుంచి రద్దు చేసి, తర్వాత కౌంటర్లో డబ్బు తీసుకునే వీలుంది. ఆ నంబరు సరిగ్గా రాయించుకోవడం మీదే అంతా ఆధారపడుతుంది.

విమానానికి ఈ ప్రాంతంవాళ్లు వెళ్లేది దేవనహళ్లి దగ్గరి బెంగళూరు విమానాశ్రయానికే. 2008లో అది తెరుచుకున్నప్పటి నుంచి హిందూపురానికి రెండు గంటల లోపు దూరంలోకి వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆ రాకపోకలు మరింత పెరిగాయి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గరో బాగేపల్లి టోల్ దగ్గరో బళ్లు నిలిచిపోయి విమానం తప్పితే, టికెట్టు డబ్బంతా పోయినట్టేనని చాలామంది వదిలేస్తారు. అది సరికాదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల ప్రకారం ప్రయాణికుడు రాకపోయినా సరే, చట్టప్రకారం వసూలు చేసిన పన్నులనూ విమానాశ్రయ అభివృద్ధి, వాడుక రుసుములనూ విమాన సంస్థ తిరిగివ్వాలి. మూల ఛార్జీ వాపసు లేని చవక టికెట్లకు కూడా ఇది వర్తిస్తుంది. రద్దు ఛార్జీ మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీల మొత్తాన్ని మించకూడదు. ఎక్కని మనిషి విమానాశ్రయాన్ని వాడుకోలేదు కాబట్టి ఆ రుసుము అతనికే చెందాలి. అయితే చాలా సందర్భాల్లో అడిగితే గానీ రాదు.

ఇదే తర్కం విహార నౌకల దగ్గరా కనబడుతుంది. తెలుగువారికి ఈ ప్రయాణం ఇంటి ముంగిట్లోకి వచ్చింది 2022 జూన్‌లో, కార్డీలియా సంస్థ ఎంప్రెస్ నౌక విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు బయలుదేరినప్పుడు. మరుసటి ఏడాది విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మయామీ నుంచో సియాటిల్ నుంచో, చూడవచ్చిన తల్లిదండ్రులతో కలిసి ఓడ ఎక్కడం ఇప్పుడు మామూలే.

ఓడ ధరను సాధారణంగా ఒక గదిలో ఇద్దరు అన్న లెక్కన కడతారు. ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు మొదలై, రోజు దగ్గరపడే కొద్దీ రద్దు కోత మెట్లుమెట్లుగా పెరిగి చివరికి నూరు శాతానికి చేరుతుంది. రేవుకు రాకపోతే ప్రయాణపు ధర మొత్తం పోతుంది. గదిలో ఇద్దరిలో ఒకరే వచ్చినా రెండోవారి ధర వెనక్కి రాదు. ఎక్కనివారి పేరున కట్టిన రేవు పన్నులూ రుసుములూ, ముందుగా చెల్లించిన సిబ్బంది టిప్పులూ మాత్రం చాలా కంపెనీలు తిరిగిస్తాయి. విమానం పట్టిక మీద ఆధారపడి ఓడ బయలుదేరే రోజునే రేవుకు చేరాలనుకునేవారు ఎక్కువగా నష్టపోతున్నారు. ఓడ కదలడానికి గంటో గంటన్నరో ముందే చెక్-ఇన్ ముగుస్తుంది, ఒకరి కోసం ఓడ ఆగదు.

తప్పిన ఓడను తర్వాతి రేవులో అందుకోవచ్చుగా అంటే, అమెరికాలో దానికి 1886 నాటి చట్టం అడ్డొస్తుంది. విదేశీ జెండా ఉన్న ఓడ ప్రయాణికుడిని ఒక అమెరికా రేవులో ఎక్కించుకుని, మధ్యలో దూరదేశపు రేవు ఏదీ తాకకుండా మరో అమెరికా రేవులో దించకూడదు. సియాటిల్‌లో ఓడ తప్పిపోయి అలాస్కాలోని జునోలో ఎక్కి, తిరిగి సియాటిల్‌లో దిగితే సరిగ్గా ఆ తప్పే జరుగుతుంది. చట్టంలో రాసిన జరిమానా మనిషికి 300 డాలర్లు, ధరల పెరుగుదలతో అది ఎప్పటికప్పుడు పెరుగుతూ వస్తోంది. ఓడ కంపెనీ మీద పడే ఆ జరిమానాను కంపెనీలు ప్రయాణికుడి ఖాతాలో వేస్తాయి. ఈ నష్టాలకు ఆసరా ప్రయాణ బీమా ఒక్కటే. పాలసీలో అనుసంధాన ప్రయాణం తప్పిపోవడం కూడా ఉందో లేదో కొనే ముందే చూసుకోవాలి.

భారతదేశంలో ఇలాంటి కోతలకు చట్టం ఒక హద్దు గీసింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఎంత పెద్ద మొత్తం రాసుకున్నా ఒప్పందం తప్పినవారి నుంచి రాబట్టగలిగేది సముచితమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి పై హద్దు మాత్రమే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, జరిగిన నష్టంతో ఏ మాత్రం పొంతన లేని జరిమానా విధించే ఒప్పందాన్ని అన్యాయ ఒప్పందంగా నిర్వచించింది. విమానం, బస్సు, ఓడ, టూర్ ఏజెంట్ల మీద ఫిర్యాదులకు వినియోగదారుల కమిషన్లున్నాయి. రైలు ఛార్జీ వాపసు తగాదాల కోసం 1987 నాటి చట్టం కింద రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌ను విడిగా ఏర్పాటు చేశారు. టీడీఆర్ తిరస్కరణకు గురైన ప్రయాణికుడు తన టికెట్టునూ, బండి ఆలస్యపు వివరాలనూ, అర్జీ పెట్టిన సమయాన్నీ చూపి అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు.