కింద అంగడి, పైన కాపురం: అనంతపురం బజార్లలో ఇళ్ల నియమాల చరిత్ర

అనంతపురం పాత బజార్లలో ఇల్లు, అంగడి ఒకే కప్పు కింద ఉండేవి. ఆ రెంటినీ చట్టం వేరుచేసి చూడటం మొదలై నూరేళ్లు దాటింది. అయినా నియమాలు ప్రధానంగా పట్టించుకున్నది బజారులో కాపురాన్ని కాదు. ఇళ్ల వీధిలోకి వచ్చే వ్యాపారాన్ని, కట్టడం ముందున్న రోడ్డు వెడల్పును.

ఊరు పుట్టింది చెరువు కింద. విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో ఈ చెరువు కట్టించాడని చెబుతారు. తర్వాత హండే నాయకుల కాలంలో ఇప్పటి పాతూరు పెరిగింది. ఏటా సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే కాబట్టి ఈ పీఠభూమిలో వాలు కప్పులతో పని లేకపోయింది. రాతి గోడలు, కొయ్య దూలాలు, పైన చౌడు మట్టి పరిచిన మిద్దెలే ఇక్కడి ఇళ్లు. పక్కింటి గోడే తన గోడ కావడంతో వెలుతురు వీధి వాకిలి నుంచీ, మిద్దె మీది గవాచి నుంచీ రావాలి. బజారులో ముందు గది అంగడి అయ్యేది, వెనక కాపురం ఉండేది.

1800లో ఈ ప్రాంతమున్న దత్త మండలాలు ఈస్టిండియా కుంఫిణీ చేతికి వచ్చాక కలెక్టర్ థామస్ మన్రో అనంతపురంలో మకాం ఉన్నాడు. 1869లో పురపాలక సంఘం ఏర్పడింది. 1882లో బళ్లారి నుంచి జిల్లా విడిపోగా ఇది జిల్లా కేంద్రమైంది. 1890లలో గుంతకల్లు–హిందూపురం రైలు మార్గం వచ్చింది. ఇన్ని జరిగినా 1901లో పట్టణ జనాభా 7,938 మాత్రమే. 1884, 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టాలు ఇంత చిన్న ఊళ్లలో ప్రధానంగా పారిశుద్ధ్యాన్నే చూశాయి. దుర్గంధం, నిప్పు ప్రమాదం ఉన్న వృత్తులకు లైసెన్సు పెట్టాయి, కొత్త కట్టడానికి అనుమతి తప్పనిసరి చేశాయి. అంగడి వెనక ఎవరు కాపురం ఉంటున్నారన్నది వాటి లెక్కలోకి రాలేదు.

స్థలాన్ని వాడకాన్ని బట్టి విడదీసే ఆలోచన అప్పుడప్పుడే ప్రపంచంలో పుంజుకుంటోంది. న్యూయార్క్ 1916లో నగరమంతటికీ జోనింగ్ నియమాలు చేసింది. అంతకు ముందు, 1914–15లో, స్కాట్లండ్ పట్టణ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊళ్లు తిరిగి చూశాడు. పాత వీధులను కూలగొట్టడం కన్నా, అవసరమైన చోట కొద్దిగా కోసి బాగుచేయడం మేలన్నది అతని వాదం. 1920లో వచ్చిన మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం పురపాలక సంఘాలకు ప్రణాళికా పథకాలు తయారుచేసే అధికారమిచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకా ఆ చట్టమే కొనసాగింది. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టం కట్టడాల అనుమతులను చూసింది.

ఈ చట్టాల కింద తయారయ్యే మాస్టర్ ప్లాన్లలో నివాస ప్రాంతానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమలకు ఊదా రంగు వేయడం ఆనవాయితీ. పసుపు రంగులోని స్థలంలో పెద్ద వ్యాపార భవనం కట్టాలంటే వాడకం మార్పుకు ప్రభుత్వ ఉత్తర్వు కావాలి, రుసుము కట్టాలి. నీలం రంగులో ఇంటికి సాధారణంగా ఆ అడ్డు లేదు.

అడ్డు కొలతల్లో వచ్చింది. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాల ప్రకారం ఎత్తు, చుట్టూ వదిలే ఖాళీ (సెట్‌బ్యాక్) రెండూ స్థలం విస్తీర్ణాన్నీ, రోడ్డు వెడల్పునూ బట్టి ఉంటాయి. 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న భవనానికి కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలి. వాణిజ్య వాడకానికి వదలాల్సిన పార్కింగ్ ఇళ్లకన్నా ఎక్కువ. మరీ చిన్న స్థలాలను మినహాయిస్తే పక్కలా వెనకా ఖాళీ వదలాలి. కాబట్టి పాత మిద్దెను పడగొట్టి కట్టే కొత్త భవనం మామూలుగా పక్కవాడి గోడను పంచుకోలేదు. ఇరుకు బజారులో కొద్ది సెంట్ల స్థలమున్నవారికి సెట్‌బ్యాక్, పార్కింగ్ పోగా మిగిలేది తక్కువ.

ప్లానుకు మించి కట్టడం రాష్ట్రమంతటా ఎంత మామూలైందో క్రమబద్ధీకరణ పథకాలే చెబుతాయి. 2007 చివర్లో ఒకటి వచ్చింది. 2015లో వచ్చిన మరొకటి 1985 జనవరి 1 నుంచి 2014 డిసెంబరు 31 వరకు కట్టినవాటికి అపరాధ రుసుముతో అవకాశమిచ్చింది.

అనంతపురం ఇప్పుడు నగరపాలక సంస్థ. 2011 నాటికే జనాభా రెండున్నర లక్షలు దాటింది. 2017లో ఏర్పడిన అనంతపురం–హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ ప్రణాళిక పరిధిని ఊరి పొలిమేర దాటించింది. కింద అంగడి, పైన కాపురం పద్ధతికి ఈ నియమాల్లో ఇప్పటికీ చోటుంది. మారింది దాని ఆకారం: ఒకే గోడ మీద వరుసగా ఆనుకున్న మిద్దెలకు బదులు, నాలుగు వైపులా ఖాళీ వదిలి పైకి లేచిన అంతస్తులు.