పాత యంత్రానికి కొత్త డ్రైవర్ ఎందుకు?

కంప్యూటర్ కాస్త మొరాయించగానే "డ్రైవర్లు అప్‌డేట్ చేశారా?" అని అడగడం ఈవేళ ఆనవాయితీ. పరికరాలతో కంప్యూటర్ మాట్లాడేందుకు తోడ్పడే ఈ ప్రోగ్రాములను మార్చుకోవాలన్న సలహా మొదటినుంచీ ఉన్నది కాదు. విండోస్‌కు ముందటి డాస్ రోజుల్లో ప్రింటర్‌తో మాట్లాడే బాధ్యతను ఏ ప్రోగ్రాముకు ఆ ప్రోగ్రామే మోసేది. రాతపనికి వాడే వర్డ్‌పర్ఫెక్ట్ తన ప్రింటర్ డ్రైవర్లను తానే వెంట తెచ్చుకునేది. విండోస్ ఆ పనిని ఉమ్మడి చేసింది. తయారీదారు ఒక్క డ్రైవర్ రాసిస్తే ప్రోగ్రాములన్నీ దాన్నే వాడుకున్నాయి. సౌకర్యంతోపాటు, ఆ ఒక్కటీ చెడితే అన్నీ కుంటుపడే ప్రమాదమూ వచ్చింది. అప్పట్లో చాలామందికి డ్రైవరంటే పెట్టెలో వచ్చిన ఫ్లాపీయో సీడీయో. 1998లో విండోస్ 98తో విండోస్ అప్‌డేట్ వచ్చాకే, దాన్ని ఎప్పటికప్పుడు మార్చుకోవచ్చన్న ఆలోచన ఇళ్ళదాకా చేరింది.

ఆ సలహాకు బలం చేకూర్చినది 2007లో వచ్చిన విండోస్ విస్టా. తెరను నడిపే డ్రైవర్ల నమూనానే అది మార్చేసింది. ఆ ఏడాది నమోదైన విస్టా క్రాష్‌లలో దాదాపు 29 శాతానికి గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా డ్రైవర్లే కారణమని మైక్రోసాఫ్ట్ సొంత లెక్కలు చెప్పాయి. ఒక కోర్టు వ్యాజ్యంలో అవి బయటపడ్డాయి. అలాంటప్పుడు ప్రతి కొత్త డ్రైవరూ ఊరటే. అయితే అది కొత్త సిస్టమ్‌కు, కొత్త కార్డుకు మధ్య పొత్తు ఇంకా కుదరని దశ. ఏళ్ళ తరబడి సాఫీగా నడుస్తున్న యంత్రం ఆ దశను ఎప్పుడో దాటింది. పసితనపు మందును ముసలితనంలోనూ పట్టిస్తున్నామన్నదే నా వాదన.

మందు వికటించిన సందర్భాలూ లేకపోలేదు. 2010 మార్చిలో ఎన్‌విడియా 196.75 డ్రైవర్ వల్ల ఫ్యాన్ల వేగం అదుపు తప్పి కార్డులు వేడెక్కుతున్నాయని ఫిర్యాదులు రావడంతో, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. 2014లో చిప్‌ల కంపెనీ ఎఫ్‌టీడీఐ డ్రైవర్ ఒకటి విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి, ఆ కంపెనీ చిప్‌లకు నకళ్ళుగా చలామణీ అవుతున్నవాటిని పనికిరాకుండా చేసింది. తమ పరికరంలో ఉన్నది నకలని కొన్నవాళ్ళలో ఎందరికి తెలుసు? ఇవి అరుదైన ఘటనలే కదా అనవచ్చు. నిజమే. కానీ పాత కార్డుకు దక్కే లాభమూ అంతే అరుదు. కొత్త డ్రైవర్లలోని మెరుగులు ఎక్కువగా కొత్త కార్డుల కోసం, కొత్త ఆటల కోసం దిద్దినవి.

భద్రత మాటేమిటన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. 2017లో క్రాక్ లోపం వైఫై రక్షణకే గండి కొట్టింది; విండోస్ సవరణతోపాటు కొన్ని వైఫై డ్రైవర్లనూ మార్చుకోవాల్సి వచ్చింది. అలాంటి చోట తాత్సారం తగదు. బయటి లోకంతో మాట్లాడే భాగానికి ఫలానా లోపం ఉందని తెలిస్తే, యంత్రం వయసు ఎంతైనా సరే, తయారీదారు దగ్గరి నుంచే డ్రైవర్ తెచ్చి వేసుకోవాలి. కానీ ఆపరేటింగ్ సిస్టమ్‌కే సవరణలు ఆగిపోతే ఒక్క డ్రైవర్ కాపాడలేదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ఆ స్థితిలో తేల్చుకోవాల్సింది డ్రైవర్ సంగతి కాదు, ఆ యంత్రాన్ని నెట్‌కు కలపాలా వద్దా అన్నది.

కాబట్టి పేరుపెట్టి చెప్పగల లోపం ఉంటే మార్చాలి, లేకుంటే కదపకూడదు. ఇది పిరికితనం కాదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలోనే, కొత్త డ్రైవర్ తీసేసి పాతదాన్ని తిరిగి తెచ్చుకునే 'రోల్ బ్యాక్' మీటను మైక్రోసాఫ్ట్ అమర్చింది. మార్చమని చెప్పేవాళ్ళే వెనక్కి రావడానికి దారి వేసి ఉంచారు.