కంపెనీ లేని పాటగత్తెలు

వరంగల్–ఖమ్మం రోడ్డు మీద మరిపెడను చాలామంది ఇప్పటికీ ‘మరిపెడ బంగ్లా’ అనే అంటారు. 2016 అక్టోబరు దాకా ఇది వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. పక్కనే సూర్యాపేట జిల్లా. అక్కడి కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టింది మల్లు స్వరాజ్యం.

ఆమెను తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన మనిషిగానే ఎక్కువ తలుచుకుంటారు. తలకు పదివేల రూపాయల వెల, రాజక్క అనే మారుపేరు, తర్వాత తుంగతుర్తి ఎమ్మెల్యేగిరీ అందరికీ తెలిసినవే. పాట సంగతే వెనకబడింది. భూస్వామి ఇంటి పిల్ల వెట్టివాళ్ల వాడకు పోయి ఉపన్యాసం మొదలుపెడితే వినేదెవరు? ఉయ్యాల పాట అందుకుంటే మాత్రం ఆడవాళ్లు చుట్టూ చేరేవాళ్లు. బతుకమ్మ దగ్గర అందరి నోళ్లలో నానిన వరుసే. అందులోకి దొర జులుం, వెట్టి, నాగు వడ్డీలు వచ్చి చేరాయి. కచేరీ లేదు, గురువు లేడు. అజ్ఞాతంలో ఉన్న మనిషి గొంతును వెతుక్కుంటూ గ్రామఫోన్ కంపెనీ రాదు కదా! ఆ తరం ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చేసేసరికి 1986 వచ్చింది.

ఆ పోరాటం ముగిసిన పాతికేళ్లకు లండన్‌లో ఇంకోరకం ఆడపిల్లలు గురువుల్లేకుండానే బ్యాండ్లు కట్టారు. 1976లో ‘ది స్లిట్స్’లో చేరేనాటికి ఆరీ అప్‌కు పద్నాలుగేళ్లు. ‘ది రెయిన్‌కోట్స్’లో జీనా బర్చ్ బేస్ గిటార్ కొనుక్కున్నాకే వాయించడం నేర్చుకుంది. రెయిన్‌కోట్స్ తొలి రికార్డును 1979లో తెచ్చింది పెద్ద కంపెనీ కాదు, రికార్డులమ్మే కొట్టుగా మొదలైన రఫ్ ట్రేడ్. వాళ్ల పోరు, ఇక్కడి పోరు ఒకటేననడం అతిశయోక్తే అవుతుంది. ఒక్క తేడా మాత్రం గట్టిది: వాళ్ల రికార్డు అట్ట మీద వాళ్ల పేర్లున్నాయి.

ఇక్కడ బెల్లి లలితకు ఆ పేరు ప్రాణం ఖరీదుగా వచ్చింది. ఆత్మకూరు మండలం నాంచారిపేట బిడ్డ, భువనగిరి స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు, తెలంగాణ కళా సమితి గాయని. 1999 మే 26న ఆమెను చంపి ముక్కలు చేశారు.

మళ్లీ మరిపెడకొస్తే, చుట్టూ లంబాడీ తండాలు. తీజ్ వచ్చిందంటే పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ తొమ్మిది రోజులు పాడతారు. అలాంటిదే ఒక తండా నుంచి, రాయలసీమలోని గుత్తి దగ్గరి నుంచి, సత్యవతి అనే పిల్ల తిరుపతికి పోయి సంగీతం చదివి, వీ6 టీవీ తీన్మార్ వార్తల్లో మంగ్లీ అయింది. యూట్యూబ్‌లో బతుకమ్మ పాటలు, బోనాల పాటలు, సేవాలాల్ పాటలు పాడింది. సినిమా పిలుపు ఆ తర్వాతే జోరందుకుంది.

2021లో ఆమె ‘లవ్‌స్టోరీ’ సినిమాకు పాడిన ‘సారంగదరియా’ ఊరూరా మోగింది. ఒక జానపదం ఆధారంగా రాసింది సుద్దాల అశోక్ తేజ. ఆ జానపదాన్ని తన అమ్మమ్మ దగ్గర నేర్చుకుని అంతకుముందే టీవీలో పాడానంటూ ఒక గాయని ముందుకొచ్చింది. పల్లె పాట అందరిదీ అని కొందరన్నారు. అందరిదైతే డబ్బు ఒక్కచోటికే ఎందుకు పోతోందని మరికొందరు అడిగారు. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆ గాయనికి గుర్తింపు, పారితోషికం ఇస్తామని ప్రకటించాడు.